వ్యాసంలోకి వచ్చిన ముసలాయన

కూర్చుని పాఠం చెప్పడం నా వల్ల కాదు. ఆన్‌లైన్ క్లాసంటే ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగమని మా ఇంట్లో అందరి నమ్మకం. నేను మాత్రం మార్కాపురంలో మా దుకాణం పైనున్న గదిలో, సాయంత్రం ఐదింటి నుంచి ఆరున్నర దాకా, ఫోను స్టాండుకు తగిలించి దాని ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. కింద మా మామయ్య పైపులు, మోటార్లు, సిమెంటు అమ్ముతాడు. నా అడుగుల చప్పుడంతా ఆయన నెత్తి మీదే. "ఈపొద్దు పాఠం యాడిదాకా నడిచిందమ్మా, దోర్నాల దాటినావా" అని ఆటపట్టిస్తాడు.

గవర్నమెంటు కాలేజీల్లో ఇంటర్ చదివే పల్లెటూరి పిల్లలను పెద్ద పెద్ద యూనివర్సిటీల ప్రవేశాలకు తయారుచేసే ప్రోగ్రాం అది. లెక్కలకు ఒకరు, జనరల్ నాలెడ్జికి ఒకరు, ఇంగ్లీషుకు నేను. గిద్దలూరు, కంభం, తర్లుపాడు వైపు పిల్లలే ఎక్కువ. వాళ్ళకు నేను కనిపిస్తాను. వాళ్ళు నాకు కనిపించరు. డేటా అయిపోతుందని కెమెరాలు కట్టేసుకుంటారు. నా ఎదురుగా ఉండేవి చిన్న చిన్న గడులు. ఒక గడిలో మందారపువ్వు, ఒక గడిలో ఎవరిదో కొత్త బండి, ఒక గడిలో ఉత్త అక్షరం. ప్రశ్న అడుగుతాను. ఎవరూ పలకరు. నెట్టు పోయిందో, బర్రెకు గడ్డి వేయడానికి పోయిందో, జవాబే రాదో నాకు తెలిసే దారి లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను అస్సలు ఓర్చుకోలేను. కాలు నిలవదు, నోరూ నిలవదు, ఎవరో ఒకరి మీద కసురుకుంటాను.

అప్పుడే పుట్టిన మేకపిల్ల ఫొటో ఒక గడిలో ఉండేది. ఆ గడిలో పిల్ల మాత్రం పలికేది. అందరికంటే ముందు, తప్పులతో, ఏ మాత్రం జంకు లేకుండా. తర్లుపాడు అవతల ఒక ఊరు. నాకు ఆ పిల్లంటే ఇష్టం. అందుకే ఎక్కువ తిట్లు ఆమెకే పడేవి.

ఆ ఏడు దూరాన ఉన్న ఒక మంచి కాలేజీ వాళ్ళు మా ప్రోగ్రాం నుంచి కొందరిని ఎంచుకుంటామన్నారు. సీటు వస్తే చదువు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. ముందు ఇంగ్లీషులో ఒక వ్యాసం పంపాలి, అది నచ్చితే ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. వ్యాసానికి వాళ్ళిచ్చిన అంశం, మీ ఊళ్ళో మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి రాయమని. మా పిల్లలు ఆ అంశం చూసి బెంబేలెత్తారు. సగం మంది శ్రీశైలం గురించి రాశారు. ఇంకో సగం పలకల పరిశ్రమ గురించి, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాశారు. నేను ఎర్ర గీతలు గీస్తూ, గదంతా తిరుగుతూ, ఇట్లయితే ఒక్కరికీ రాదని నాలో నేనే గొణుక్కుంటూ ఉండగా మేకపిల్ల వ్యాసం వచ్చింది.

అది ఇంగ్లీషులో రాసిన తెలుగు. అయినా అర్థం మాత్రం ఎక్కడా చెదరలేదు. మా ఊళ్ళో ఎవరు బోరు వేయించాలన్నా ముందు నన్నే పిలుస్తారు, అని మొదలుపెట్టింది. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తానని, కింద నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుందని, అక్కడ రాయి పెడితే మర్నాడు బోరుబండి వస్తుందని రాసింది. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాయన పక్కన ఆటకు టెంకాయ పట్టుకుంటే అది లేచిందట. అప్పటి నుంచి ఆ పని ఆమెదే అయింది. కొందరికి నీళ్ళు పడ్డాయి, కొందరికి పడలేదు. పడని వాళ్ళు నన్నేమీ అనరు, కాకపోతే నేను బస్సుకు పోతుంటే మొఖం పక్కకు తిప్పుకుంటారు, అని రాసింది. చివరలో ఇంకొక మాట. పిలిచిన చేనికి ఒక రోజు ముందే ఒంటరిగా పోయి, ఎండల్లో కూడా గడ్డి ఎక్కడ పచ్చగా ఉంది, పుట్టలు ఎక్కడ లేచాయి, ఇవన్నీ చూసి వస్తాను, ఇది మా నాయనకు కూడా చెప్పలేదు, నీళ్ళ సంగతి తెలిసేది టెంకాయకో నా కళ్ళకో నాకే తెలియదు.

ఈ వాక్యాలు ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఆ రోజు మాత్రం చదువుతుంటే నాకు పట్టింది భయం. టెంకాయ అంటే ఆ కాలేజీ వాళ్ళు నవ్వుతారు. మూఢనమ్మకం అంటారు. పిల్లను లోపలికే రానివ్వరు. నేను ఒంగోలులో బి.ఇడి. చేసేటప్పుడు "మా నాయన వచ్చినాడు" అంటే హాస్టల్లో కోస్తా పిల్లలు వారం రోజులు అదే మాట అని అని నవ్వారు. ఆ వారం తర్వాత నా మాట మార్చుకున్నాను. అప్పటి నుంచి ఎవరి మాటనైనా మార్చందే నాకు నిద్ర పట్టదు. ఆ పిల్ల మీద ఎవరూ నవ్వకూడదనుకున్నాను. నా ఉద్దేశం మంచిదే అని ఇప్పటికీ చెప్పుకుంటాను గానీ, అది నాకు ఏమంత ఊరట ఇవ్వదు.

వ్యాసమంతా నేనే తిరగరాశాను. టెంకాయ ఉంది, చేను ఉంది, ఆ పిల్ల మాత్రం లేదు. ఆమె చోట ఒక ముసలాయనను పెట్టాను. తెల్ల తలపాగా నేనే చుట్టాను, చేతికి వణుకు కూడా నేనే పెట్టాను. ఊరంతా ఆయనను నమ్మి మోసపోతుంటే చూసి తట్టుకోలేక, భూగర్భశాస్త్రం చదివి మా ఊరికి నిజమైన నీళ్ళు చూపించాలని నిర్ణయించుకున్న అమ్మాయి ఆ వ్యాసం రాస్తున్నట్టు మార్చాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. గడ్డి, పుట్టలు, పక్కకు తిరిగిన మొఖాలు అన్నీ కొట్టేశాను.

ఆమెకు పంపిస్తే ఫోను చేసింది.

"ఆ తాత ఎవరు మేడం?"

ఎవరో ఒకరు, ప్రతి ఊళ్ళోనూ అట్లాంటి ఆయన ఒకడుంటాడు, అన్నాను.

"మా ఊళ్ళో లేడు మేడం. ఆ పని చేసేది నేనే."

నాకు విసుగొచ్చింది. ఇంకా పన్నెండు వ్యాసాలు దిద్దాలి. వాళ్ళేమన్నా మీ ఊరొచ్చి వెతుకుతారా, సీటు కావాలా వద్దా, అని గట్టిగానే అన్నాను.  సరే మేడం అంది. ఆ సాయంత్రమే వ్యాసం పంపేశాం. పది రోజులకు ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. మా ప్రోగ్రాం మొత్తంలో పిలుపు వచ్చింది ముగ్గురికే. గదిలో నా నడక ఆ రోజు చూడాలి. మామయ్య కింద నుంచి పైకొచ్చి, పైకప్పు కూలుతుందేమోనని చూసి పోయాడు.

తర్లుపాడు దగ్గర మాకు కొంచెం చేను ఉంది. అప్పటికే అందులో నాలుగు బోర్లు ఎండిపోయి, వాటి మూతుల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఆ వారమే మామయ్య అయిదో బోరు వేయిస్తానని కూర్చున్నాడు. జిల్లా అంతటికీ బోరు పైపులు అమ్మే మనిషి, పాయింటు చూపించడానికి మాత్రం టెంకాయ కావాలన్నాడు. ఆ పక్క ఊళ్ళో ఒక పిల్ల ఉందట, హస్తవాసి మంచిదట, ఆదివారం పొద్దున వస్తుందట. మా మేకపిల్లే అనిపించింది. అట్లాంటి పిల్లలు ఎంతమంది ఉంటారు? రాను అని చెప్పి ఇంట్లో ఉండిపోవచ్చు. ఉండలేను కదా. ఆదివారం నేనే అందరికంటే ముందు కారెక్కాను.

ఆమె వాళ్ళ నాయన బండి మీద వచ్చింది. నేను ఆమెను చూడటం అదే మొదలు. సన్నగా, నేను అనుకున్నదాని కంటే పొట్టిగా, కాలేజీ చుడీదారులో ఉంది. నన్ను చూసి బండి ఇంకా ఆగకముందే దిగేసింది. నమస్తే మేడం, అంది. ఇద్దరికీ ముందే తెలుసా అని మామయ్య ఆశ్చర్యపోయాడు. నా క్లాసు పిల్ల అన్నాను. అయితే మన పిల్లే కదా, ఈసారి నీళ్ళు పడినట్టే, అని ఆయన సంబరపడ్డాడు. వాళ్ళ నాయనేమో చేతులు కట్టుకుని, మీ గురించే చెప్తా ఉంటది తల్లీ ఇంట్లో, అన్నాడు. నేను ఎవరి మొఖమూ చూడలేక కంది కొయ్యల వైపు చూశాను.

చెప్పులు విడిచి, టెంకాయ పిలక వేళ్ళ వైపు ఉండేట్టు అరచేతిలో పెట్టుకుని నడిచింది. మొదటి గట్టు దాకా పోయింది, తిరిగింది, మళ్ళీ పోయింది.  కింది గట్టు దగ్గర ఆగింది. అక్కడ ఆమె వీపు మాకు కనబడుతోంది, చెయ్యి కనబడటం లేదు. చాలాసేపే ఆగింది. తర్వాత ఇటు తిరిగి, టెంకాయ కిందికి పట్టుకుని వచ్చేసింది.

"రాలే తాతా," అంది మామయ్యతో.

ఇంకొకసారి చూడమన్నాడు వాళ్ళ నాయన. ఆమె తల అడ్డంగా ఊపింది. మామయ్య పెద్దగా ఏమీ అనలేదు, నీళ్ళు లేని చోట లేవని చెప్పడం కూడా మేలే అన్నాడు. మగవాళ్ళిద్దరూ పాత బోర్ల దగ్గరికి పోయి మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల మోటారు షెడ్డు నీడలో నిలబడింది. నేను వెళ్ళాను.

నిజంగానే రాలేదా అని అడిగాను.

"నిలబడింది మేడం. ఆ కింది గట్టు కాడ."

"మరి చెప్పలేదేం?"

"అది నేను నమ్మనని కాలేజీకి రాసిచ్చినా కదా మేడం. ఆడ ఒక మాట, ఈడ ఒక మాట చెప్పేది నాకు చేతకాదు."

కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. నేను ఆ క్షణమే అనాల్సింది, నీ వ్యాసమే నిజం, నేను చేసింది తప్పు అని. వ్యాసం వాళ్ళ దగ్గర ఉంది, ఇంటర్వ్యూ నాలుగు రోజుల్లో ఉంది, ఇప్పుడు మారిస్తే అబద్ధం రాసిందని వెళ్ళగొడతారు. ఇదంతా నా బుర్రలో గిర్రున తిరిగింది. అందుకని ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇంటర్వ్యూలో మాత్రం వ్యాసంలో ఉన్నదే చెప్పు, ఒక్క మాట కూడా మార్చకు, అన్నాను. సరే మేడం అంది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమె మామయ్య ఇచ్చిన అరటిపండ్ల సంచి పట్టుకుని బండెక్కుతున్నప్పుడే అనిపించింది.

కింది గట్టు సంగతి మామయ్యకు చెప్పలేదు. చెబితే నేను టెంకాయను నమ్మినట్టు, చెప్పకపోతే ఆయనను మోసం చేసినట్టు.  ఆ నాలుగు రోజులూ క్లాసులో పిల్లలను ఊరికే తిట్టాను. ఆయన మాత్రం ఆ ఏడు బోరు మానేసి, వానకు పండితే పండుతుందని మళ్ళీ కందులే వేయించాడు.

ఇంటర్వ్యూ పొద్దున పదకొండింటికి. ప్రోగ్రాం టీచరు కెమెరా, మైకు కట్టేసుకుని కాల్‌లో ఉండొచ్చని అనుమతి ఇచ్చారు, పిల్లలకు ధైర్యం కోసమని. కాలేజీ తరఫున ఇద్దరు, నెరిసిన జుట్టున్న ఒకావిడ, కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన. మా పిల్ల వాళ్ళింటి ముందు గదిలో కూర్చుంది. వెనక గోడకు కొట్టిన మేకుకు వాళ్ళ నాయన చొక్కా వేలాడుతోంది. మొదటి ప్రశ్నలకు బాగానే చెప్పింది. నేను ఫోను చేత్తో పట్టుకుని కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా తిరుగుతున్నాను. అప్పుడు ఆవిడ వ్యాసం తీసింది. చాలా బాగా రాశావు అని మెచ్చుకుని, నువ్వు చదువుకుని మీ ఊరికి పోయాక ఆ ముసలాయన ఎదురైతే ఆయనకు ఏం చెబుతావు, అని అడిగింది.

ఈ ప్రశ్నకు జవాబు నేర్పలేదు. ఆ పిల్ల మాట్లాడలేదు. నెట్టు పోయిందేమోనని ఆశపడ్డాను. వెనక చొక్కా ఫ్యాను గాలికి కదులుతోంది. పోలేదు. వినబడిందా అని ఆయన అడిగాడు. వినబడింది అంది.  తర్వాత తన ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పింది.

"మా ఊళ్ళో ఆ తాత లేడండీ. మా మేడం పెట్టింది. నడిచేది నేనే."

ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ కాగితం కింద పెట్టి, మీ మేడం ఇప్పుడు ఈ కాల్‌లో ఉన్నారా అని అడిగింది. ఉన్నారు అంది ఆ పిల్ల.

నా వేలు ఎర్ర బొత్తాం మీదే ఉంది. నొక్కితే అయిపోతుంది. నెట్టు పోయిందండీ అని తర్వాత చెప్పొచ్చు, నా పిల్లలు రోజూ చెప్పే మాటే కదా. ఇంకొక రెండు క్షణాలు ఎవరూ పలక్కపోతే నొక్కేసేదాన్నేమో, నా మీద నాకు అంత నమ్మకం లేదు. కానీ ఆ పిల్ల తెర వైపు చూస్తోంది. నేను ఏ గడిలో ఉన్నానో వెతుకుతున్నట్టుంది. మైకు తెరిచి, ఆ ముసలాయనను నేనే పెట్టానండీ, ఆ అమ్మాయి రాసింది వేరే, అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, అని చెప్పాను.  ఆవిడ నన్ను మైకు కట్టేయమంది. ఆ పిల్ల వైపు తిరిగి, అయితే నువ్వు రాసిందేదో అది చెప్పు, అంది.

చెప్పింది. టెంకాయ, తొమ్మిదేళ్ళ వయసు, నీళ్ళు పడని వాళ్ళు, ముందురోజు చూసి వచ్చే గడ్డి, పుట్టలు, అన్నీ. నీళ్ళు పడిన చేలు, పడని చేలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుందట, అది నాకు కూడా తెలియదు. టెంకాయ వల్లనా, కళ్ళ వల్లనా అని ఆయన అడిగితే, అది తెలుసుకోవాలనే చదువుతానంటున్నా, అంది. క్రియాపదాలు తప్పు, కాలాలు తప్పు. అలవాటు కొద్దీ కాసేపు తప్పులు లెక్కపెట్టాను. తర్వాత సిగ్గేసి మానేశాను.

మర్నాడు ప్రోగ్రాం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఇక నుంచి వ్యాసాలు మీరు చూడొద్దు, వ్యాకరణం చెప్పండి చాలు అన్నారు. తగిన శాస్తే. నా బాధ దాని గురించి కాదు. సీటు పోతే అది నా వల్లే పోతుంది. దుకాణంలో బిల్లు రాస్తూ కూడా కాలేజీ పేజీ తెరిచి చూసుకునేదాన్ని. మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. ఫోను చేస్తే, పర్వాలేదు మేడం, గిద్దలూరులో డిగ్రీ చేరతాలే, అని తనే నన్ను సముదాయించింది. ఆ మాటకు నాకు ఇంకా మంట పుట్టింది, ఆమె మీద కాదు.

మూడు వారాల తర్వాత రెండో జాబితా వచ్చింది. అందులో ఉంది. నేను చూసేలోపే మధ్యాహ్నం వాళ్ళ నాయన ఫోను చేశాడు. ఎవరిదో చేలో బోరుబండి చప్పుడులో అరుస్తున్నాడు, అంతా మీ చలవే తల్లీ, అని.

ఈసారైనా నిజం చెప్పాలనుకున్నాను. "లేదన్నా. నేను అడ్డం పడినా ఆ పిల్ల సీటు తెచ్చుకుంది. నేను రాసింది పక్కన పడేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది కాబట్టే వచ్చింది," అన్నాను.

ఆయన నవ్వాడు, ఎంతో మర్యాదగా.

"చదువుకున్నోళ్ళు అట్లనే అంటారులే తల్లీ. మార్కాపురం మేడం రాసిచ్చినందుకే సీటు వచ్చిందని ఊరంతా చెప్పినా. వచ్చే ఏటికి ఇంకో నలుగురు పిల్లలున్నారు మా ఊళ్ళో. వాళ్ళకు కూడా అట్లనే రాసిపెట్టు."

దుకాణంలో పైపుల మధ్య నిలబడి ఏడ్చేశాను. అవతల ఆయనకు వినబడే ఉంటుంది. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని, ఊరుకోమ్మా ఊరుకో, అన్నాడు.